నీళ్లు మార్చినా దిగని నైట్రేట్: ఉప్పునీటి అక్వేరియంలో లెక్క ఎక్కడ తప్పుతోంది?

సంక్షిప్తంగా: మెరైన్ ట్యాంకులో పేరుకునే నైట్రేట్ అనే వ్యర్థానికి అసలు మూలం మేత. పోసే నీళ్లలోనే కొంత నైట్రేట్ ఉంటే, ఎన్నిసార్లు మార్చినా అంకె ఒకచోట ఆగిపోతుంది. ఉత్తరాంధ్రలో దొరికే బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు, తీరం నుంచి తెచ్చే సముద్రపు నీళ్లు, ఈ మూడింటికీ వేర్వేరు చిక్కులున్నాయి. ముందు పోసే నీటిని పరీక్షించి, తర్వాత మేత సరిచూసి, ఆపైనే నాచు, వెనిగర్ వంటి పద్ధతుల జోలికి వెళ్లడం మేలు.

చేపలు హుషారుగానే తిరుగుతుంటాయి. నీళ్లు అద్దంలా ఉంటాయి. వారంవారం ఐదో వంతు నీళ్లు మారుస్తూనే ఉంటారు. అయినా టెస్ట్ ట్యూబులో రంగు మాత్రం నైట్రేట్ ఎక్కువని చెప్పే ముదురు ఎరుపే. ఉప్పునీటి అక్వేరియం పెట్టి కొన్ని నెలలు గడిచినవారిలో చాలామందికి ఇది తెలిసిన తలనొప్పే. విజయనగరం, శ్రీకాకుళం వంటి ఊళ్లలో గోల్డ్‌ఫిష్, గప్పీలతో మొదలుపెట్టి క్లౌన్‌ఫిష్, డామ్సెల్ దాకా వచ్చినవారికి మరీ అయోమయం. మంచినీటి ట్యాంకులో నాలుగు మొక్కలు వేస్తే నైట్రేట్‌ను అవే లాగేసుకుంటాయి. ఉప్పునీటిలో ఆ వెసులుబాటు లేదు. పైగా సలహాలు ఒకదానితో ఒకటి పొసగవు. నీళ్లు ఇంకా ఎక్కువ మార్చమని ఒకరంటే, అసలు కదపొద్దని ఇంకొకరు, ఫిల్టరే మార్చేయమని దుకాణదారు.

ఈ సలహాల్లో ప్రతిదీ ఏదో ఒక ట్యాంకుకు సరిపోయేదే. తన ట్యాంకుకు ఏది సరిపోతుందో తేలాలంటే, అందులోకి నైట్రోజన్ ఎటునుంచి వస్తోందో, ఎటు పోతోందో ముందు లెక్క చూసుకోవాలి.

## మేత నుంచి నైట్రేట్ దాకా

చేప తిన్న మాంసకృత్తుల్లో ఒంటికి పట్టని భాగం అమ్మోనియాగా మారి, ఎక్కువగా మొప్పల గుండానే నీళ్లలోకి వస్తుంది. తినకుండా అడుగున పడిన మేత కుళ్లినా, రాతి వెనుక చచ్చిన నత్త కుళ్లినా పుట్టేది అమ్మోనియాయే. రాళ్ల మీద, ఇసుకలో, ఫిల్టరులో కాపురముండే సూక్ష్మజీవుల్లో ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారిస్తే, ఇంకొక రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. రెండింటికీ ఆక్సిజన్ కావాలి.

ఈ మూడింటి విషం ఒకే స్థాయిది కాదు. అమ్మోనియా లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా లేకుండానే చేపను చంపగలదు. నైట్రైట్ మంచినీటి చేపలకు ప్రమాదం. సముద్రపు నీటిలో మాత్రం క్లోరైడ్ మెండుగా ఉండి మొప్పల దగ్గర దానికి అడ్డుపడుతుంది, అందుకే అక్కడ దాని తీవ్రత బాగా తగ్గుతుంది. మూడింటిలో నైట్రేట్ మెతకది. మెతకది కావడం వల్లే అది పేరుకుపోతున్నా చాలాకాలం ఎవరూ పట్టించుకోరు.

నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలో కలిపేసే బాక్టీరియా కూడా ఉంది. కాకపోతే ఆ పని జరగాలంటే ఆక్సిజన్ లేని చోటు ఉండాలి. సముద్రంలో అడుగు బురద, పగడపు రాళ్ల లోపలి సందులు అలాంటి చోట్లే. ట్యాంకులో పెట్టే పంపులు, ఏరేటర్, బుడగలతో మురికిని నురగగా పైకి తీసే స్కిమ్మర్ అన్నీ నీళ్లలో ఆక్సిజన్ నింపేవే కాబట్టి, మొదటి రెండు మార్పులు చకచకా సాగిపోయి మూడోది దాదాపు ఆగిపోతుంది. పగడపు దిబ్బల దగ్గరి సముద్రపు నీటిలో నైట్రేట్ సాధారణంగా 1 పీపీఎం కన్నా తక్కువ. ఇళ్లలోని ట్యాంకుల్లో 40, 80 కనిపించడానికి కారణం ఇదే. పీపీఎం అంటే ఇక్కడ లీటరుకు ఒక మిల్లీగ్రాము అనుకుంటే సరిపోతుంది.

## ఒక గ్రాము మేత చేసే పని

మెరైన్ చేపల గుళికల మేతలో మాంసకృత్తులు 45 శాతం దాకా ఉంటాయి. మాంసకృత్తుల్లో నైట్రోజన్ వాటా 16 శాతం. అంటే ఒక గ్రాము మేతలో 72 మిల్లీగ్రాముల నైట్రోజన్. అదంతా నైట్రేట్‌గా మారితే 4.43 రెట్లు బరువు తూగుతుంది, అంటే దాదాపు 320 మిల్లీగ్రాములు. వంద లీటర్ల ట్యాంకులో రోజుకు గ్రాము మేత వేస్తే రోజుకు 3.2 పీపీఎం వరకు పెరగవచ్చన్నమాట. నిజానికి అంతా నైట్రేట్ కాదు. కొంత చేప ఒంట్లో కండగా నిలుస్తుంది, కొంత స్కిమ్మర్ గిన్నెలోకి పోతుంది, కొంత రాళ్ల సందుల్లో వాయువైపోతుంది. మూడింట రెండు వంతులు ఇలా పోయినా రోజుకు 1 పీపీఎం మిగులుతుంది. వారానికి 7.

పచ్చి రొయ్య వేసేవారి లెక్క వేరు. రొయ్యలో నీరే ముప్పాతిక వంతు, మాంసకృత్తులు 20 శాతం. పది గ్రాముల రొయ్య ముక్కలు తినకుండా వంద లీటర్లలో కుళ్లిపోతే 14 పీపీఎం దాకా నైట్రేట్ వస్తుంది. తీరం దగ్గరి ఊళ్లలో రొయ్యలు, చిన్న చేపలు తాజాగా, చవకగా దొరుకుతాయి. దాంతో చేయి ధారాళమవుతుంది. తరిగిన ముక్కల నుంచి కారే రసంతో సహా ట్యాంకులో పోయడం ఇంకో అలవాటు. ఆ రసాన్ని చేప తినలేదు, ఫిల్టరు ఆపలేదు. అదంతా నేరుగా అమ్మోనియా దారి పడుతుంది. ముక్కలను ఆర్‌ఓ నీళ్లలో జాడించి, వడకట్టి వేస్తే ఆ మేరకు భారం తగ్గుతుంది.

మేత తగ్గించమంటే చేపలను మాడ్చమని కాదు. పెద్ద చేపలకు రోజుకొకసారి, రెండు నిమిషాల్లో అయిపోయేంత వేస్తే చాలు. అడుగున ముక్క కనిపిస్తోందంటే ఆ పూట ఎక్కువ వేసినట్టే.

## అంకె ఒకచోట ఎందుకు ఆగిపోతుంది

నీళ్లు మారిస్తే నైట్రేట్ పోతుందన్నది నిజమే. ఎంత పోతుందన్న దగ్గరే అపోహ. ట్యాంకులో 80 పీపీఎం ఉన్నప్పుడు 20 శాతం నీళ్లు మారిస్తే 64 అవుతుంది. వారం తిరిగేసరికి మేత వల్ల 7 కలిసి 71. మళ్లీ మారిస్తే 57, వారాంతానికి 64. మూడో వారం చివర 58, నాలుగో వారం చివర 53. మొదట 9 దిగింది, తర్వాత 7, ఆ తర్వాత 6, 5. దిగుడు తగ్గుతూ వచ్చి చివరకు 35 దగ్గర ఆగిపోతుంది. అక్కడ ప్రతివారం మార్చిన నీళ్లతో 7 పోతుంది, మేతతో 7 వస్తుంది. ఇక ఏళ్ల తరబడి అదే పని చేసినా వారాంతపు అంకె 35 కిందకి రాదు.

దీన్నే కొంచెం మార్చి చూస్తే ఏ మీట ఎంత బలమైనదో తెలుస్తుంది. వారానికి పది శాతమే మారిస్తే అంకె నిలిచే చోటు 70. ఇరవై శాతం మారుస్తూ మేత సగం చేస్తే 17.5. అంటే మేత సగం చేయడమూ, మార్చే నీళ్లు రెట్టింపు చేయడమూ ఒకే ఫలితాన్నిస్తాయి. మేత తగ్గిస్తే ఖర్చు మిగులుతుంది, నీళ్లు పెంచితే మంచినీటిని సముద్రపు నీటిలా మార్చే మెరైన్ సాల్ట్ సంచి తొందరగా ఖాళీ అవుతుంది. ఇరవై లీటర్ల నీటికి ముప్పావు కిలో దాకా సాల్ట్ పడుతుందని గుర్తుంచుకుంటే ఏది ముందు చేయాలో చెప్పనక్కర్లేదు.

పై లెక్కలో కొత్తగా పోసే నీళ్లలో నైట్రేట్ సున్నా అనుకున్నాం. చాలా ఇళ్లలో లెక్క తప్పేది సరిగ్గా ఇక్కడే.

## బోరు, క్యాను, సముద్రం

భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. మనిషికి అది సురక్షితమైన హద్దు. మెరైన్ ట్యాంకుకు మాత్రం 45తో మొదలవడమంటే పరుగు పందెంలో మూట నెత్తికెత్తుకుని దిగడమే. కేంద్ర భూగర్భజల మండలి 2024 నాటి నివేదికలో దేశం మొత్తం మీద దాదాపు ఐదో వంతు నమూనాల్లో నైట్రేట్ ఆ హద్దునూ దాటింది. పొలాలకు వేసే యూరియా, ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు, పశువుల పెంట దీనికి మామూలుగా చెప్పే కారణాలు. వంశధార, నాగావళి ఆయకట్టులోని వరి పొలాల పక్కన లోతు తక్కువ నుయ్యో, ఇరుకు వీధిలో సెప్టిక్ గుంటకు దగ్గరగా తవ్విన బోరో ఉంటే పరీక్షించకుండా వాడకూడదు. మరగబెడితే లాభం లేదు. నీరు ఆవిరై, నైట్రేట్ అక్కడే ఉండి ఇంకా చిక్కబడుతుంది.

వారానికి 20 శాతం మార్చే పై ట్యాంకులో 45 పీపీఎం ఉన్న బోరు నీళ్లే వాడితే, అంకె నిలిచే చోటు 35 నుంచి 80కి ఎగబాకుతుంది. పోసే నీటిలో ఎంత ఉంటే అంతా అలాగే కలిసిపోతుంది. అక్కడితో అయిపోలేదు. మే నెల ఎండలకు మూతలేని వంద లీటర్ల ట్యాంకు నుంచి రోజుకు లీటరు నీరు ఆవిరవడం వింత కాదు. తగ్గిన మట్టం నింపడానికి రోజూ ఒక లీటరు అదే బోరు నీళ్లు పోస్తే రోజుకు 45 మిల్లీగ్రాములు, వారానికి మూడు పీపీఎం పైన వచ్చి చేరుతుంది. అంతా కలిపితే అంకె 96 దగ్గర నిలుస్తుంది. చేపలవే, మేతా అదే. ఇలాంటి ఇంట్లో నీళ్లు ఇంకా ఎక్కువ మార్చమన్న సలహా 45 కిందికి ఎన్నటికీ దించలేదు.

అందుకే ఆర్‌ఓ. మంచి పొర ఉన్న ఆర్‌ఓ నైట్రేట్‌లో 85 నుంచి 95 శాతం దాకా ఆపుతుంది. పొర పాతబడేకొద్దీ ఈ శాతం పడిపోతుంది. ఇంట్లో తాగునీటికి బిగించే ఆర్‌ఓ యంత్రాల్లో ఇంకో మెలిక ఉంది. నీరు మరీ చప్పగా ఉండకుండా టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) సర్దే చిన్న మర ఒకటి చాలావాటిలో పెడతారు. అది చేసే పనల్లా పొర గుండా వెళ్లని నీటిని కొంత తెచ్చి శుద్ధి అయిన నీటిలో కలపడమే. దాంతోపాటు బోరులోని నైట్రేట్ కూడా వచ్చేస్తుంది. ట్యాంకు కోసం నీళ్లు పట్టేటప్పుడు ఆ మరను పూర్తిగా బిగించాలి, ఖనిజాలు కలిపే గొట్టం ఉంటే దాన్ని తప్పించి పట్టాలి. వీధిలోని వాటర్ ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాను విషయంలోనూ టీడీఎస్ మీటరు ఒక్కదాన్నే నమ్మి లాభం లేదు. మీటరు మొత్తం లవణాల జాడ చెబుతుందే తప్ప అందులో నైట్రేట్ వాటా ఎంతో చెప్పదు. ఆ నీటికి నైట్రేట్ కిట్ పెట్టి చూడటమే దారి. మున్సిపాలిటీ కుళాయి నీళ్లు వాడేవారు నైట్రేట్‌తో పాటు క్లోరిన్ సంగతీ చూసుకోవాలి.

ఇక సముద్రం. శ్రీకాకుళం జిల్లాకు రాష్ట్రంలోనే పొడవైన తీరరేఖ, దాదాపు 193 కిలోమీటర్లు ఉంది. విజయనగరం జిల్లాకు భోగాపురం, పూసపాటిరేగ వైపు చిన్న తీరముంది. నాలుగు క్యాన్లు నింపుకొస్తే సాల్ట్ ఖర్చు మిగులుతుంది కదా అనిపిస్తుంది. ఒడ్డుకు, నదీముఖాలకు దూరంగా తీసిన సముద్రపు నీటిలో నైట్రేట్ నిజంగానే తక్కువ. చిక్కంతా ఎక్కడ, ఎప్పుడు తీశారన్న దగ్గరే. కళింగపట్నం దగ్గర వంశధార, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాయి. వానాకాలంలో ఆ మొగల దగ్గర నీళ్లు తీస్తే పొలాల నుంచి, ఊళ్ల నుంచి కొట్టుకొచ్చినదంతా క్యానులో ఉంటుంది. రొయ్యల చెరువుల నీరు వదిలే క్రీకులు ఎప్పుడైనా ప్రమాదమే.

దీనికన్నా తక్కువమందికి తెలిసిన సంగతి ఉప్పదనం. మహానది, గంగ వంటి నదుల వరద నీరు బంగాళాఖాతం పైపొరను పలచన చేస్తుంది. వానలు వెనుదిరిగాక తీరం వెంట ప్రవాహం దక్షిణానికి మళ్లి ఆ పలచని నీటిని ఈ ఒడ్డుకు మోసుకొస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ఇక్కడి సముద్రపు నీరు వేసవిలో ఉన్నంత ఉప్పగా ఉండదు. ఉప్పదనం చూపే రిఫ్రాక్టోమీటరుతో కొలవకుండా పోస్తే నైట్రేట్ దించబోయి చేపకు ఇంకో దెబ్బ కొట్టినట్టవుతుంది. రొయ్యలు సాగుచేసేవారి దగ్గర ఆ పరికరం సాధారణంగా ఉంటుంది, అడిగి చూపించుకోవడం కష్టమేమీ కాదు.

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు సంగతి కూడా తరచూ వస్తుంది. అంత పేరున్న ఉప్పు చేతికందే దూరంలో ఉండగా ఖరీదైన మెరైన్ సాల్ట్ దేనికన్నది న్యాయమైన ప్రశ్నే. మడుల్లో సముద్రపు నీరు ఎండి ఉప్పు గడ్డకట్టేటప్పుడు గడ్డకట్టేది ప్రధానంగా సోడియం క్లోరైడ్. మెగ్నీషియం, పొటాషియం లవణాలు చాలావరకు మిగులు ద్రావణంలోనే ఉండిపోతాయి, కాల్షియం అంతకుముందే జిప్సంగా విడిపోతుంది. కాబట్టి ఆ ఉప్పును నీళ్లలో కలిపితే ఉప్పునీరు వస్తుంది గానీ సముద్రపు నీరు రాదు.

## అంకెను నమ్మే ముందు

నైట్రేట్‌ను రెండు రకాలుగా రాస్తారు. ఒకటి మొత్తం నైట్రేట్ బరువు, రెండోది అందులోని నైట్రోజన్ బరువు మాత్రమే. మన తాగునీటి హద్దు 45, అమెరికాలో 10. చూడటానికి అమెరికా నాలుగింతలు కఠినంగా ఉన్నట్టుంటుంది. తీరా చూస్తే వాళ్లు నైట్రోజన్‌గా కొలుస్తారు, 10ని 4.43తో గుణిస్తే 44. ఆక్వా ల్యాబ్ నివేదికలో 8 అని, ఇంట్లో కిట్‌లో 35 అని వస్తే రెండూ ఒకటే అయ్యుండవచ్చు. నివేదికలో ఏ లెక్క వాడారో అడగకుండా కంగారు పడటం అనవసరం.

కిట్ వాడే తీరులోనూ తేడాలొస్తాయి. ఈ కిట్లు నైట్రేట్‌ను ముందు నైట్రైట్‌గా మార్చి, దాని రంగును చూపిస్తాయి. ఆ మార్పు చేసే పొడి సీసా అడుగున పేరుకుని ఉంటుంది. ఎక్కువగా వాడే రెండు సీసాల కిట్‌లో రెండో సీసాను అర నిమిషం గట్టిగా కుదపాలి, చుక్కలు వేశాక ట్యూబును ఒక నిమిషం ఊపాలి, తర్వాత ఐదు నిమిషాలు ఆగి చూడాలి. ఊపకుండా వేస్తే 80 ఉన్న నీళ్లు 10 చూపించి మోసం చేస్తాయి. నీళ్లలో అప్పటికే నైట్రైట్ ఉంటే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 40కీ 80కీ మధ్య ఎరుపు రంగును ట్యూబ్‌లైటు కింద కంటితో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. ఒక వంతు ట్యాంకు నీటికి నాలుగు వంతుల డిస్టిల్డ్ నీళ్లు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను ఐదుతో గుణిస్తే స్పష్టంగా తెలుస్తుంది.

## చెరువులో బెల్లం, ట్యాంకులో వెనిగర్

రొయ్యల చెరువుల దగ్గర తిరిగినవారికి ఒక దృశ్యం తెలిసే ఉంటుంది. డ్రమ్ములో బెల్లం, ప్రోబయోటిక్ కలిపి పులియబెట్టి, ఆ నీళ్లను చెరువంతా చల్లుతారు. అమ్మోనియా పెరిగినప్పుడు బెల్లమో మొలాసిసో చల్లడంలో కిటుకు ఒకటే. బాక్టీరియా పెరగడానికి కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ కావాలి. చెరువులో నైట్రోజన్ దండిగా ఉంటుంది, కార్బన్ కరవు. ఆ కరవు తీరిస్తే బాక్టీరియా గుణించి నైట్రోజన్‌ను తన ఒంట్లో కట్టేసుకుంటుంది.

మెరైన్ ట్యాంకులో వోడ్కా, వెనిగర్ వేసే పద్ధతి వెనుకా ఇదే సూత్రం. తేడా అంతా చివరి మెట్టులో ఉంది. చెరువులో ఆ బాక్టీరియా ముద్దలను రొయ్యే తింటుంది, రొయ్యతోపాటు నైట్రోజన్ లారీ ఎక్కుతుంది. ట్యాంకులో ఆ పని స్కిమ్మర్ చేయాలి. సన్నటి బుడగలకు అంటుకున్న బాక్టీరియా, జిగురు పైనున్న గిన్నెలోకి పొంగి, ముదురు కషాయంలా పేరుకుంటుంది. ఆ గిన్నె ఖాళీ చేసినప్పుడే నైట్రోజన్ ఇల్లు దాటినట్టు. స్కిమ్మర్ లేకుండా వెనిగర్ వేస్తే బాక్టీరియా పెరిగి, చచ్చి, కట్టుకున్నదాన్ని తిరిగి నీళ్లలోకే వదులుతుంది. చిన్న ట్యాంకుల్లో ఈ పద్ధతి బెడిసికొట్టడానికి ఎక్కువగా ఇదే కారణం.

మోతాదు విషయంలో తొందర పనికిరాదు. వంద లీటర్లకు రోజుకు 0.1 మిల్లీలీటరు వోడ్కాతో మొదలుపెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. 5 శాతం వెనిగరైతే దాదాపు ఎనిమిది రెట్లు, అంటే ముప్పావు మిల్లీలీటరు పైచిలుకు. వారానికోసారి కొద్దికొద్దిగా పెంచుతూ, నైట్రేట్ దిగడం మొదలవగానే పెంచడం ఆపేయాలి. వెనిగర్ రంగు, రుచి కలపనిదై ఉండాలి. బెల్లం మాత్రం ట్యాంకుకు తగదు. అందులో ఏమేం ఖనిజాలు, మలినాలు ఉన్నాయో తెలియదు, నీళ్లకు రంగూ పడుతుంది.

కార్బన్ ఎక్కువైతే బాక్టీరియా ఒక్కసారిగా విజృంభించి నీళ్లు పాలలా తెల్లబడతాయి, ఆక్సిజన్ పడిపోతుంది. 30 డిగ్రీల వేడిలో సముద్రపు నీరు పట్టి ఉంచగలిగేదే లీటరుకు 6 మిల్లీగ్రాముల పైచిలుకు, మంచినీరైతే 7.5. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుందని చెరువు రైతు రాత్రంతా ఏరేటర్లు తిప్పుతాడు. ట్యాంకులోనూ గండం ఆ వేళకే. కాబట్టి వెనిగర్ పొద్దున లైటు వేసే వేళ వేయాలి, కరెంటు నిలకడగా లేని రోజుల్లో అసలు వేయకూడదు.

ఎంత వేసినా నైట్రేట్ కదలని ట్యాంకులూ ఉంటాయి. అక్కడ ఫాస్ఫేట్ చూడాలి. సముద్రపు సూక్ష్మజీవుల్లో నైట్రోజన్, ఫాస్ఫరస్ పరమాణువులు సగటున 16కు 1 చొప్పున ఉంటాయి. బరువులో చెప్పాలంటే పది పాళ్ల నైట్రేట్‌కు ఒక పాలు ఫాస్ఫేట్. ఫాస్ఫేట్ లాగే మందులు వాడి దాన్ని సున్నాకు తెచ్చిన ట్యాంకులో బాక్టీరియాకు పెరిగే వీలుండదు. ఆ మందు తీసేస్తే నైట్రేట్ దానంతటదే కదులుతుంది.

## నాచు, రాయి, ఇసుక

నెమ్మదిగా అయినా నమ్మకంగా పనిచేసేది నాచు. ట్యాంకు కింద ఉండే రెండో తొట్టి, అంటే సంప్‌లో ఒక అర కేటాయించి, కీటోమార్ఫా వంటి పీచు నాచును లైటు కింద పెంచుతారు. పైన ట్యాంకులో లైటు ఆరాక దీనికి వెలిగిస్తే రాత్రిపూట ఆక్సిజన్ కూడా కాస్త నిలబడుతుంది. వంద గ్రాముల పిండిన నాచులో ఎండు పదార్థం పది గ్రాములు, అందులో నైట్రోజన్ 3 శాతం అనుకుంటే, దాన్ని కోసి పారేసినప్పుడల్లా వంద లీటర్ల ట్యాంకు నుంచి 13 పీపీఎం నైట్రేట్ బయటికి పోయినట్టే. కోయకుండా ముచ్చటగా చూసుకుంటే మాత్రం ఒక దశలో పెరుగుదల ఆగి, లోపల కుళ్లడం మొదలవుతుంది.

రాయి విషయంలో చట్టం అడ్డుంది. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉంది. సముద్రం నుంచి పగడాలు అంటిన లైవ్ రాక్ (సూక్ష్మజీవులతో నిండిన సముద్రపు రాయి) పెళ్లగించి తేవడం నేరం. అందువల్ల ఇక్కడి ట్యాంకుల్లో వాడేది ఎక్కువగా ఎండు రాయో, సన్నటి రంధ్రాలున్న సిరామిక్ దిమ్మలో. వాటి లోపల ఆక్సిజన్ లేని పొర ఏర్పడి, అక్కడ బాక్టీరియా కుదురుకోవడానికి నెలలు పడుతుంది. కొత్త ట్యాంకులో మొదటి ఏడాది నైట్రేట్ ఎక్కువగా ఉండటానికి ఇదో కారణం.

పది, పదిహేను సెంటీమీటర్ల మందాన సన్నటి ఇసుక పరచినా అడుగు పొరల్లో అదే పని జరుగుతుంది. ఆ ఇసుక కాల్షియం కార్బొనేట్‌ది అయితే మంచిది. కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుక ఉచితంగా దొరికినా అందులో ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలుంటాయి, ట్యాంకుకు అది పనికిరాదు. మందంగా పరచి ఏళ్లు గడిచిన ఇసుకను ఒక్కసారిగా కెలకడం ఇంకో ముప్పు. కింద పోగైన హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే ఆ వాయువు, చేపలను గంటల్లో చంపగలదు.

ఫిల్టర్ దూది, స్పాంజి, ప్లాస్టిక్ బంతులను నైట్రేట్ ఫ్యాక్టరీలని తిట్టడం పరిపాటి. అవి అదనంగా నైట్రేట్‌ను సృష్టించవు. వాటిలో చిక్కుకున్న చెత్త నెలల తరబడి అక్కడే కుళ్లడమే సమస్య. దూదిని మూడు రోజులకోసారి మారిస్తే, కుళ్లకముందే చెత్త బయటపడుతుంది.

మంచినీటి ట్యాంకులకు అమ్మే నైట్రేట్ లాగే రెసిన్లు ఉప్పునీటిలో పనిచేయవు. అవి క్లోరైడ్‌ను వదిలి నైట్రేట్‌ను పట్టుకునే రకం. లీటరుకు 19 గ్రాముల క్లోరైడ్ ఉన్న సముద్రపు నీటిలో ఆ మార్పిడి సాగదు. అమ్మోనియాను పట్టడానికి చెరువుల్లో వాడే జియోలైట్ పొడికీ ఉప్పునీటిలోని సోడియంతో ఇదే పేచీ.

## ఎంతకు దించాలి, ఎంత వేగంగా

చేపలు మాత్రమే ఉన్న ట్యాంకుకు 20 నుంచి 40 లోపు చాలు. పగడాలు, సీ ఎనిమోన్లు ఉంటే 2 నుంచి 10 మధ్య ఉంచుతారు. ఎక్కువైతే పగడంలో ఉండే సూక్ష్మ ఆల్గే విపరీతంగా పెరిగి రంగు గోధుమకు తిరుగుతుంది. సున్నా చేయాలన్న పట్టుదల కూడా చేటే. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ లేని నీటిలో డైనోఫ్లాజెల్లేట్లు బుడగలతో కూడిన గోధుమరంగు జిగురులా రాళ్లను కమ్మేస్తాయి. వాటిని వదిలించుకోవడం నైట్రేట్ దించడం కన్నా కష్టం.

నెలల తరబడి 100 దగ్గర ఉన్న ట్యాంకులో ఒకేసారి ముప్పాతిక నీళ్లు మార్చడం ప్రమాదం. అలాంటి ట్యాంకులో పీహెచ్ కూడా దిగజారి ఉంటుంది. కొత్త నీటితో అది ఒక్కసారిగా ఎగిస్తే, ఉన్న కాస్త అమ్మోనియా ఎక్కువ విషమైన రూపానికి మారుతుంది. వారానికి రెండుసార్లు 15 శాతం చొప్పున, ఉప్పదనం, వేడి సరిపోల్చి మారుస్తూ ఆరేడు వారాల్లో దించడం భద్రం.

## తుఫాను రోజుల్లో

ఈ తీరంలో నైట్రేట్ లెక్కను తారుమారు చేసేది తుఫాను. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. పంపులు ఆగితే ఫిల్టరులోని బాక్టీరియా దెబ్బతింటుంది. మూసి ఉన్న క్యానిస్టర్ ఫిల్టరులో కదలని నీరు కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ కోల్పోయి కుళ్లుతుంది. కరెంటు రాగానే దాన్ని అలాగే ఆన్ చేస్తే ఆ నీరంతా ట్యాంకులో పడుతుంది. ముందు ఫిల్టరును విప్పి, ఆ నీళ్లు పారబోసి, స్పాంజిని ట్యాంకు నీళ్లతోనే జాడించి బిగించాలి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంటే ఇంత దూరం రాదు. కరెంటు లేనన్నాళ్లూ మేత వేయకపోవడం ఉత్తమం, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు మూడు నాలుగు రోజులు తిండి లేకున్నా తట్టుకుంటాయి. కరెంటు వచ్చాక మొదటి వారం రోజూ చూడాల్సింది అమ్మోనియా. బాక్టీరియా కోలుకున్నాక ఆ అమ్మోనియా అంతా నైట్రేట్‌గా తేలుతుంది కాబట్టి, రెండు మూడు వారాల తర్వాత అంకె ఎగబాకినా కొత్త జబ్బేదో వచ్చిందని ఫిల్టరు మార్చేయనక్కర్లేదు.